వెళ్ళిపోయినవాళ్ళ లెక్క

మా మెట్టలో వంశవృక్షం గీసేది ఇద్దరే. ఒకడు ప్లీడరు గుమాస్తా, ఇంకొకడు మీసేవలో కంప్యూటరు ముందు కూర్చునే కుర్రాడు. అన్నదమ్ములకు పొత్తు చెడినప్పుడు మొదటివాడి దగ్గరికి పోతాం. తాత పేరున ఉండిపోయిన పొలాన్ని మన పేరుకు మార్పించుకోవాల్సి వస్తే రెండోవాడి దగ్గరికి. ఏ తగాదా లేని ఇంట్లో ముత్తాత పేరు అడిగితే నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కోర్టుకెక్కిన ఇంట్లో మాత్రం బడికి పోయే పిల్లకాయలు కూడా నాలుగు తరాలు గడగడా అప్పజెబుతారు.

మెట్ట అంటే నెల్లూరు జిల్లా పడమటి భాగం. ఉదయగిరి, వింజమూరు, దుత్తలూరు, ఆత్మకూరు, మర్రిపాడు. జిల్లాకు తూర్పున పెన్న కాలవల కింద వరి పండించుకునేవాళ్ళకు మేం మెట్టోళ్ళం. వెలిగొండల నీడన ఉన్న మాకు చెరువు నిండితే పంట, నిండకపోతే ప్రయాణం. అలాంటి చోట మనుషుల లెక్క ఎవరు రాశారు, ఎందుకు రాశారు అన్నది చాలాకాలంగా నన్ను పట్టుకున్న ఆలోచన.

దావాకు జతచేసే వంశవృక్షం ఒకటి తీరిగ్గా చూడండి. పైన మూలపురుషుడు, ఆయన పేరు పక్కన బ్రాకెట్లో ‘చనిపోయినారు’. కింద నలుగురు కొడుకులు, వాళ్ళ కింద మనవలు. అక్కడి నుంచి మనుషులకు పేర్లతోపాటు నంబర్లు వస్తాయి. ఒకాయన రెండో వాది, ఆయన సొంత బాబాయి నాలుగో ప్రతివాది. పాత కాగితాల్లో ఆడపిల్లల జాడ తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 1986లో సవరణ చట్టం వచ్చి, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. ఆ తర్వాతి దావాల్లో గీతలు చప్పున ఆడపిల్లల వైపు సాగాయి. అంతకుముందు ఆ ఇళ్ళలో కూతుళ్ళు పుట్టకనా? పుట్టారు. వాళ్ళ పేరుతో ఎవరికీ పని పడలేదు, అంతే.

అదే కాగితంలో నలుగురు కొడుకుల్లో మూడోవాడి దగ్గర ఆగండి. ‘దేశాంతరం పోయినాడు, ఆచూకీ లేదు’ అని ఉంటుంది. మా వైపు కాగితాల్లో ఈ ముక్క తరచూ తగులుతుంది. ఏడేళ్ళపాటు అయినవాళ్ళకు కబురు లేని మనిషిని చనిపోయినట్టే భావించవచ్చని సాక్ష్యాల చట్టం చెబుతుంది కాబట్టి, అతని భాగం మిగతా ముగ్గురికీ సర్దేస్తారు. కరువు ఏట గోచీ బిగించి కొండ దాటిపోయినవాడు, ఎక్కడో ఒక ఊళ్ళో పెళ్ళాడి పిల్లల్ని కని ఉంటాడు. ఆ ఊరేదో, ఆ పిల్లలెవరో ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు. పోయినవాడి దగ్గర గీత ఆగిపోతుంది.

అమెరికాలో పంతొమ్మిదో శతాబ్దపు కుటుంబ చరిత్రలు చదివితే అక్కడ సరిగ్గా పోయినవాడి దగ్గరే కథ మొదలవుతుంది. తండ్రి పుట్టింది తూర్పు తీరాన, పెళ్ళి న్యూయార్క్ రాష్ట్రంలో, పెద్దకొడుకు ఒహైయోలో, నడిమి పిల్లలు ఇల్లినాయిలో, కడగొట్టు పిల్ల అయోవాలో. పిల్లల పుట్టిన ఊళ్ళు వరసగా రాస్తే చాలు, బండి ఏ దారిన పోయిందో తెలిసిపోతుంది. ఊరు వదలడం వాళ్ళకు వంశగౌరవం. 1862లో వచ్చిన హోమ్‌స్టెడ్ చట్టం కింద కుటుంబ పెద్ద ఎవరైనా కొద్దిపాటి రుసుము కట్టి, 160 ఎకరాలు పట్టుకుని, అక్కడే ఐదేళ్ళు కాపురముండి సేద్యం చేస్తే ఆ నేల అతనిదే. కాబట్టి ఎప్పుడు వచ్చాడు, ఎంత దున్నాడు, ఇల్లు ఎలాంటిది, సాక్షులెవరు అన్నది దస్త్రాల్లోకి ఎక్కింది. దానికి తోడు పదేళ్ళకోసారి జనాభా లెక్క. 1850 నుంచి ఇంటిపెద్ద పేరుతో సరిపెట్టకుండా ఇంట్లో ప్రతి స్వతంత్ర మనిషి పేరూ, వయసూ, పుట్టిన చోటూ రాశారు. డెబ్బై రెండేళ్ళు గడిచాక ఆ పుస్తకాలు జనం ముందు పెడతారు. 1950 నాటివి 2022లో బయటికొచ్చాయి. మన జనగణనలో ఇంటింటి వివరాలు రహస్యం. సంఖ్యలు మాత్రమే మనవి, పేర్లు ఎప్పటికీ బయటికి రావు.

ఇంత దూరపు సంగతి ఉదయగిరి వాడికెందుకు అనొచ్చు. అలా పడమరకు పాకిన కుటుంబాల్లో ఒకదాని కొమ్మ తిన్నగా మా జిల్లాలోకే వచ్చి పడింది మరి.

జాన్ ఎవరెట్ క్లౌ 1836లో న్యూయార్క్ రాష్ట్రం పడమటి కొసన, ఫ్రూస్‌బర్గ్ దగ్గర పుట్టాడు. వాళ్ళ కుటుంబం అక్కణ్ణించి ఇల్లినాయికి, ఇల్లినాయి నుంచి అయోవాకు జరిగింది. మీసాలు సరిగా రాని వయసులో అతను మిన్నెసోటాలో ప్రభుత్వ సర్వే బృందంతో కలిసి బీళ్ళలో గొలుసు లాగాడు. చివరికి బాప్టిస్టు మిషనులో చేరి, 1864 చివర భార్యతో ఓడెక్కి, 1865లో మద్రాసులో దిగాడు. 1866లో ఒంగోలు చేరాడు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే.

క్లౌ లాగిన గొలుసు గురించి ఒక మాట. అది గంటర్ గొలుసు. అరవయ్యారు అడుగులు, వంద లింకులు. పది చదరపు గొలుసులైతే ఎకరం. మిన్నెసోటా గడ్డిమైదానాలను ఆరు మైళ్ళ గళ్ళుగా, గడికి ముప్పై ఆరు సెక్షన్లుగా కోసింది ఆ కొలతే. మద్రాసు రాజధాని సర్వే వాళ్ళు మా ఎర్రనేలల్లో సర్వే నంబర్లు వేసిందీ ఆ కొలతతోనే. ఇప్పటికీ మా ఊళ్ళలో గెట్టు తగాదా వస్తే సర్వేయరు లింకుల్లో లెక్క చెబుతాడు, స్థలం కొనేవాడు సెంట్లలో బేరమాడతాడు. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. ఒకే గొలుసు అక్కడ కొత్తగా వచ్చినవాడికి నేల కొలిచి ఇచ్చింది, ఇక్కడ ఉన్నవాడికి శిస్తు కొలిచి కట్టించింది. అందుకే అక్కడి కాగితాల్లో మనిషి వెంట నేల నడుస్తుంది. ఇక్కడ నేల వెంట మనిషి. పట్టా ఉంటే పేరుంది. కరణం దఫ్తరం మూటలో ఎంత వెతికినా పట్టా లేనివాడు కనపడడు. ఊరి వెట్టి కింద గుప్పెడు మాన్యం ఉంటే తప్ప మాల మాదిగ పల్లెల పేర్లు అందులోకి ఎక్కే దారే లేదు.

1876లో ధాత కరువు వచ్చింది. ఆ రెండేళ్ళలో మద్రాసు రాజధానిలో లక్షల మంది చచ్చిపోయారు. నెల్లూరు జిల్లా బాగా దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి. అప్పుడు కరువు పనుల కింద బకింగ్‌హామ్ కాలవలో సుమారు మూడు మైళ్ళ తవ్వకం క్లౌ కంట్రాక్టుకు తీసుకున్నాడు. మిన్నెసోటాలో నేర్చిన సర్వే పని అక్కడ అక్కరకొచ్చింది. వేల మంది పారలు పట్టుకుని వచ్చారు. కూలి కోసం మతంలో కలిశారన్న మాట పడకూడదని ఆ పని నడిచినన్నాళ్ళూ అతను బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. చరిత్ర పుస్తకాలు ఆ అంకె దగ్గరే నోరు తెరుచుకుని ఆగిపోతాయి. నాకు అంకె కంటే ఇంకో సంగతి ముఖ్యం. ఒడ్డున గుమాస్తాలు జాబితా పట్టుకుని ఒక్కొక్కరి పేరూ పిలుస్తుంటే, పేరు విన్న మనిషి నీళ్ళలోకి దిగాడు. రెండువేల పైచిలుకు మాదిగ పేర్లు, ఆడవాళ్ళవీ మగవాళ్ళవీ, సిరాతో రాసుకుని గట్టిగా చదివిన రోజు అది. అంతకుముందు వాళ్ళ పేరు ఎవరైనా గట్టిగా పిలిచారంటే పనికి కేకేయడానికే.

అదే అమెరికన్ బాప్టిస్టు మిషను 1885లో ఉదయగిరిలో, 1893లో ఆత్మకూరులో స్టేషన్లు పెట్టింది. చర్చి అన్నాక రిజిస్టరు ఉంటుంది. మా ప్రాంతంలో దళిత కుటుంబం ఏదైనా తన ముత్తవ్వ పేరు కాగితం మీద వెతకదలిస్తే, మొదట తట్టాల్సిన తలుపు తాలూకా కచేరీది కాదు, ఆ చర్చిది. ఇంకోవైపు, మిషనరీల పిల్లల్లో కొందరు పుట్టింది నెల్లూరు జిల్లాలోనే. అయోవాలో తన వంశం కూర్చుకునే పెద్దమనిషికి, ఇక్కడ ముత్తవ్వ కోసం వెతికే టీచరమ్మకు దారులు ఒకే పాత బీరువా ముందు కలవొచ్చు.

అలాగని అమెరికా వాళ్ళ లెక్క ధర్మకాటా ఏమీ కాదు. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలను పేరు లేకుండా యజమాని కింద వయసు, ఆడా మగా అని మాత్రమే రాశారు. వాళ్ళకు జనాభా లెక్కలో పేర్లు వచ్చింది 1870లో. ఇవాళ ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబాలు పూర్వీకుల్ని వెతుక్కుంటూ పోయి ఆ సంవత్సరం దగ్గర గోడకు గుద్దుకుంటాయి. గొలుసు పరిచిన మిన్నెసోటా నేల మాత్రం ఎవరిది? 1851 ఒప్పందాలతో డకోటా జనం చేతిలోంచి లాగేసుకున్నది. ఒక వంశం పడమరకు సాగిందని గర్వంగా రాసిన ప్రతి వాక్యం వెనకా, ఇంకో వంశం ఇంకా పడమరకు నెట్టబడింది. ఆ రెండో వంశానికి ఎంత దున్నావని ఎవరూ అడగలేదు, సాక్షుల్నీ పిలవలేదు.

మిషను రిజిస్టరే మొదటి లెక్క అని కూడా చెప్పలేం. కాగితం కంటే ముందు నోరు ఉంది. రెడ్లకు, కమ్మలకు పిచ్చుకుంట్లవాళ్ళు గోత్రాలు, ఇంటిపేర్లు, వంశకథలు చెప్పేవాళ్ళు. మాదిగలకు డక్కలివాళ్ళు జాంబపురాణంతోపాటు కులం పుట్టుక, వంశాల వరస చెప్పేవాళ్ళు. పల్లెల్లో పుట్టి పెరిగిన నా వయసువాళ్ళకు ఆ రాక గుర్తుండే ఉంటుంది. నూర్పిళ్ళయి గింజలు ఇంటికి చేరే రోజులు. తలపాగా మనిషి అరుగు ముందు నిలబడి, ఇంటాయన గోత్రం ఎత్తుకుంటాడు. పక్కన వంతపాడేవాడు. ‘మీ పెద్దలు ఫలానా సీమలో పుట్టి, ఫలానా ఏరు దాటి, ఫలానా దొర కాలాన ఈ గడ్డ మీద కాలు పెట్టినారు’ అని రాగం తీస్తాడు. ఇంట్లోవాళ్ళు పైకి నవ్వుతారు గానీ చెవులు అటే ఉంటాయి. మా అవ్వ చాటలో సజ్జలు తెచ్చి, పోసేముందు పరీక్ష పెట్టేది. ‘మా పుట్టింటోళ్ళు ఏడ నించి వచ్చినారో చెప్పు, పోస్తా.’ అతను తడుముకోకుండా, ‘అది మీ అన్నగారి వాకిట్లో చెప్పాల్సిందమ్మా’ అనేవాడు. అవ్వ సజ్జలు పోసేది. అడిగిన దానికి మాత్రం జవాబు దొరకలేదు. ఆడవాళ్ళ వరస అతని పాటలోనూ లేదు. దావా కాగితానికీ పాటకూ అక్కడ పొత్తు కుదిరింది.

అయితే ఆ పాటలో దావా కాగితంలో లేనిది ఒకటుంది. ఏరు దాటడం. పిచ్చుకుంట్లవాడు చెప్పే ప్రతి వంశమూ ఎక్కడి నుంచో వచ్చినదే. ఎవరినీ భూమిలోంచి మొలిపించడు. మేమేమో నాలుగు తరాలు ఒకచోట ఉంటే చాలు, సృష్టి మొదలైనప్పటి నుంచీ ఇక్కడే ఉన్నట్టు మాట్లాడతాం.

నిజానికి ఉదయగిరిలో దేవుడికే స్థిరవాసం దక్కలేదు. 1514లో శ్రీకృష్ణదేవరాయలు దాదాపు ఏడాదిన్నర ముట్టడించి గజపతుల నుంచి ఆ కోట పట్టాడు. గెలుపుకు గుర్తుగా ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి, గుడి కట్టి ప్రతిష్ఠించాడు. హంపీలో కృష్ణాలయం అదే. విజయనగరం కూలింది, గుడి పాడుపడింది, విగ్రహం మద్రాసు మ్యూజియానికి చేరింది. ఉదయగిరి నుంచి పడమరకు పోయి, తిరిగి తూర్పు తీరాన తేలిన ఆ పసివాడికి ఎవరైనా వంశవృక్షం గీస్తే అందులో మూడు ఊళ్ళుంటాయి.

రాయలు విగ్రహాన్ని తీసుకుపోయిన వైపే నాలుగు వందల ఏళ్ళ తర్వాత రైతులు పోయారు. 1953లో తుంగభద్ర నీళ్ళు కాలవలకెక్కాక, కోస్తా జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు గంగావతి, సింధనూరు, సిరుగుప్ప వైపు కదిలాయి. ఊళ్ళో ఉన్న కాస్తా అమ్మి, అక్కడ దానికి ఎన్నో రెట్లు తుమ్మ చెట్ల బీడు కొని, చదునుచేసి, వరి నాటారు. వాళ్ళు గుడిసెలు వేసుకున్న చోటల్లా ఒక క్యాంపు అయింది. ఇప్పటికీ ఆ ఊళ్ళ పేర్ల చివర క్యాంపు అనే ఉంటుంది. ఆ ఇళ్ళలో మూడో తరం కన్నడంలో చదువుకుని, తెలుగులో పెళ్ళాడుతోంది. మనకు హోమ్‌స్టెడ్ కథలు లేవనుకునేవాళ్ళు ఒకసారి గంగావతి బస్టాండులో దిగి టీ తాగాలి. అయోవా వాళ్ళకైతే ఒక్కో బండి గురించీ పుస్తకాలున్నాయి. మన క్యాంపుల్లో మొదటి గుడిసె వేసిన ఆమె పేరు ఆ ఇంటి మనవరాలికైనా తెలుసో లేదో.

ఇంకాస్త దూరం పోయినవాళ్ళ లెక్క మాత్రం చిత్రంగా పక్కాగా ఉంది. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ చెరకు తోటలకు మొదటి విడత కూలీలతో నటాల్ చేరింది. 1911 దాకా అలా దక్షిణాఫ్రికాకు పోయినవాళ్ళు లక్షా యాభై రెండువేల పైచిలుకు. వాళ్ళలో ప్రతి ఒక్కరికీ ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది మచ్చలు, అన్నీ ఓడ జాబితాలో ఎక్కించారు. సొంత ఊళ్ళో కరణం ఎన్నడూ రాయని మనిషి పుట్టుమచ్చను సముద్రం దాటించేముందు తెల్లదొర గుమాస్తా రాసుకున్నాడు. ప్రేమతో కాదు. పారిపోతే పట్టుకోవాలి కదా. ఇవాళ డర్బన్‌లో ఉండే తెలుగువాళ్ళు ఆ నంబరు పట్టుకునే తమ ఊరు వెతుక్కుంటారు. ముత్తాతను కట్టేసిన తాడే మునిమనవడికి ఆధారమైంది.

ఇన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఒకటే. మామూలు మనిషి పేరు తనంత తాను కాగితం ఎక్కదు. ఎవరికో ఆ పేరుతో పని పడాలి. శిస్తుకు పని పడితే కరణం రాశాడు. చెరకు తోటకు పని పడితే ఓడ గుమాస్తా రాశాడు. ఆత్మకు పని పడిందని పాదిరి రాశాడు. భాగానికి పని పడితే ప్లీడరు రాస్తున్నాడు. పిచ్చుకుంట్లవాడి పాటకు కూడా చాటెడు గింజల పని ఉంది. 1984లో కరణాలను తీసేశారు. గింజల కోసం పాడేవాళ్ళూ ఇప్పుడు రావడం లేదు, వాళ్ళ పిల్లలు వేరే పనులు చూసుకున్నారు, మంచిదే. అయినా రాసేవాళ్ళు తగ్గలేదు. ఆధార్ ఉంది, పాస్‌పోర్టు ఉంది, కువైట్ వీసా ఉంది. మా మెట్ట మనిషి చరిత్రలో ఎన్నడూ లేనంతగా నమోదై ఉన్నాడు. కానీ చిరునామా మార్చినప్పుడల్లా కార్డులో పాతది పోయి కొత్తది వస్తుంది. దారి మాత్రం ఎక్కడా మిగలదు.

అందుకని, ఎవరికీ పనికిరాని లెక్క ఒకటి ఇంట్లో రాసుకోవాలంటాను. అందులో ఎవరికి ఎవరు పుట్టారన్నది ఒక గడి. అది ఎలాగూ రాస్తాం. రెండోది, ఏ ఊరు నుంచి ఏ ఊరికి, ఏ ఏట. మూడోది, ఎందుకు. ఇక్కడ అబద్ధాలు వస్తాయి, రానివ్వండి. కరువుకు పోయినవాడు కాంట్రాక్టుకు పోయాడని రాస్తారు, అప్పులకు పోయినవాడు చదువుకు పోయాడని రాస్తారు. అబద్ధం కూడా ఇంటి చరిత్రలో భాగమే. నాలుగోది, బస్సెక్కేటప్పుడు చార్జీలకు డబ్బు ఎవరిచ్చారు. ఈ గడిలో ఒక్కసారైనా నిజం రాస్తే మేనత్త గాజులు, పక్కింటి సాయిబు చేబదులు, పొగాకు వేలంలో అడ్వాన్సు ఇచ్చిన వ్యాపారి వంశంలోకి వస్తారు. ఐదోది అన్నిటికంటే కష్టం. వాళ్ళు పోయాక ఇంటి దగ్గర ముసలివాళ్ళను ఎవరు చూశారు. అమెరికా పుస్తకాల్లోనూ ఈ గడి ఖాళీయే. బండి తోలినవాడి గురించి పేజీలుంటాయి, వెనక ఉండిపోయిన తల్లి ఒక్క తేదీలో ముగిసిపోతుంది.

ఈ లెక్కకు స్టాంపు కాగితం అక్కర్లేదు, మీసేవ రుసుమూ లేదు. ఇంట్లో ఎనభై దాటిన మనిషి ఒకరుండాలి. ఆ మనిషి దగ్గర మంచం పట్టె మీద కూర్చుని, చెప్పిందే మళ్ళీ చెబుతుంటే విసుక్కోకుండా రాసుకునే పిల్లో పిల్లాడో ఒకరుండాలి. మొదటివాళ్ళకు మా మెట్టలో కరువు లేదు, ఏ ఊళ్ళో చూసినా అరుగులనిండా వాళ్ళే. రాసుకోవాల్సినవాళ్ళే బెంగుళూరులో ఉన్నారు.